మళ్ళీ అడగవద్దు

నేను ఒక సెట్టింగుల ఫైలును. సరిగ్గా చెప్పాలంటే, చెరిపేసిన సెట్టింగుల ఫైలును. కాశీబుగ్గ బస్టాండుకు ఎదురుగా ఉన్న చంద్రకళ ఫోటో స్టూడియోలో, టేబులు కింది పాత కంప్యూటరు డిస్కులో ఒక మూల పడి ఉన్నాను. నా పేరు తీసేశారు. ఇప్పుడు పేరు పెట్టి పిలిచినా పలికే యోగం లేదు. అయినా ఉన్నాను. కంప్యూటర్లో చెరపడమంటే పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకోవడమే. కొత్తదేదో వచ్చి నా మీద కూర్చునేదాకా నేను ఇక్కడే ఉంటాను. మీలో పోయినవాళ్ళ సంగతి నాకు తెలియదు. బహుశా అదీ ఇంతేనేమో.

నా ఉద్యోగం ఏమిటో తెలియనివారికి ఒక ముక్క చెబుతాను. ఫోటోలు దిద్దే సాఫ్టువేరులో మనిషి తనకు నచ్చినట్టు ఏది మార్చుకున్నా, దాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. పనిముట్ల పెట్టె ఏ వైపు ఉండాలి, ఫోటో ఏ కొలతలో తెరుచుకోవాలి, ముఖం ఎంత తెల్లబడాలి అన్నీను. మనుషులకు ఇష్టాలు బోలెడు, జ్ఞాపకం మాత్రం బెత్తెడు. అందుకని నన్ను పుట్టించారు. సాఫ్టువేరు మూసేటప్పుడు ఆ రోజు ఇష్టాలన్నీ నాలో రాసుకుంటుంది, మర్నాడు తెరవగానే నన్ను చదువుకుంటుంది. ఇది మంచి ఇష్టమా, చెడ్డ ఇష్టమా అని అడిగే అధికారం నాకు లేదు. చెప్పింది మరిచిపోకపోవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

నా యజమాని గౌరీశు. ఎడమచేతి వాటం మనిషి. కంప్యూటరు వచ్చిన రోజున పనిముట్ల పెట్టెను అటు వైపు నుంచి ఇటు వైపుకు లాగి, "అమ్మయ్య" అన్నాడు. నేను పుట్టింది ఆ క్షణంలోనే. అంతకు ముందు ఆయన నెగెటివ్‌ల మీద సన్నని పెన్సిలుతో ముడతలు, మచ్చలు దిద్దేవాడు. ఆ ఓపిక కంప్యూటరు దగ్గర ఎక్కడికి పోయిందో తెలియదు. సాఫ్టువేరు ప్రతి ఫోటో తెరిచినప్పుడూ మర్యాదగా అడిగేది: "ముఖం మీద మచ్చలున్నాయి. తీసేయమంటారా?" నాలుగు రోజులు అవును అని నొక్కాడు. ఐదో రోజుకు విసుగొచ్చింది. ఆ ప్రశ్న కింద చిన్న గడి ఒకటి ఉంటుంది, దాని పక్కన "మళ్ళీ అడగవద్దు" అని రాసి ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టాడు. భూమ్మీద మనిషికి అన్నిటికంటే ఇష్టమైన గడి అదేనని నా అనుభవం. పెట్టిన మరుక్షణమే పెట్టిన సంగతి మరిచిపోతాడు. నేను మరిచిపోను.

గౌరీశు భార్య పారమ్మ. పిల్లలు లేరు. స్టూడియోలో ఆమె పని ఏమిటంటే, గిరాకీ వచ్చి కూర్చునే ముందు ఆ స్టూలు మీద తాను కూర్చోవడం. లైటు ఎలా పడుతోందో చూసుకోవడానికి గౌరీశు ఆమెను ఒక ఫోటో తీసి, తెర మీద చూసుకుని, వెంటనే చెరిపేసేవాడు. పొయ్యి మీద కూర మాడుతుంటే వచ్చి కూర్చున్న మనిషి ఎలా చూస్తుందో పారమ్మ కెమెరా వైపు అలా చూసేది. కాస్త విసుగు, కాస్త నవ్వు. "ఐపోనాదేటి?" అనేది. అయిపోయిందనగానే లేచి వంటింట్లోకి పోయేది. ఊరందరి ఫోటోలూ తీసిన మనిషి, భార్యది ఒక్క ఫోటో అయినా ఉంచుకోవాలనే ఉద్దేశంతో తీయలేదు.

ఒక వానాకాలం పారమ్మకు జ్వరం వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చింది గౌరీశు ఒక్కడే.

పెద్దదినానికి, అంటే పెద్దకర్మకు, పటం కట్టించాలంటే ఫోటో లేదు. కంప్యూటరంతా వెతికితే, చెరపడం మరిచిపోయిన లైటు ఫోటో ఒకటి దొరికింది. దాన్ని ముందేసుకుని ఆయన పనిచేసిన తీరు నేను చూశాను. చామనచాయ మొహాన్ని కొద్దికొద్దిగా తెల్లబరిచాడు, ఎందుకో ఆయనకే తెలియదు, పటాల్లో ఉండేవాళ్ళంతా తెల్లగానే ఉండాలని ఇక్కడ ఒక ఆచారం. గడ్డం మీది పుట్టుమచ్చను నేనే తీసేశాను, నాకున్న ఆజ్ఞ అది. కళ్ళు మాత్రం ముట్టుకోలేదు. అవి ఎంత బాగున్నాయంటే, వాటిని నమూనాగా దాచమని సాఫ్టువేరుకు చెప్పాడు. ఆ సాఫ్టువేరులో ఒక సదుపాయం ఉంది. మంచి కళ్ళు నమూనాగా చూపిస్తే, ఏ ఫోటోలో కళ్ళు మసకగా ఉన్నా, మూసుకుని ఉన్నా, వీటిని తెచ్చి అక్కడ అమరుస్తుంది. దాచేటప్పుడు పేరు అడిగింది. "ఇంటిది" అని కొట్టాడు. ఆ రోజు నుంచి పారమ్మ కళ్ళు నాలో ఉన్నాయి.

తరవాత వారమే ఒక పోయిన ముసలామె ఫోటో వచ్చింది. ప్రాణం పోయాక ఎవరో సెల్‌ఫోనుతో తీసింది, కళ్ళు మూసుకునే ఉన్నాయి. గౌరీశు "ఇంటిది" నొక్కాడు. ముసలామె కళ్ళు తెరిచింది. కొడుకులు పటం చూసి, "అచ్చం మా యమ్మే బాబూ, ఇప్పుడే మాటాడీసినట్టున్నాది" అని ఏడ్చారు. ఆ మాట ఊళ్ళో పాకింది. చుట్టుపక్కల పల్లెల నుంచి రేషను కార్డు ఫోటోలు, గ్రూపు ఫోటోల్లో వెనక వరసలో సగం కనబడే మొహాలు వచ్చాయి. ఆడమనిషి ఫోటో అయితే "ఇంటిది" తప్పదు. ఒకరోజు సాఫ్టువేరు అడిగింది: "ప్రతి స్త్రీ ఫోటోకూ తెరవగానే ఇదే వర్తింపజేయమంటారా?" అవును అన్నాడు. కింద గడి ఉంది. సంగతి మీకు తెలిసిందే.

అప్పటినుంచి గౌరీశు పోయినవాళ్ళ అసలు మొహం చూడటం మానేశాడు. ఫోటో తెర మీదికి వచ్చేసరికే నా పని అయిపోయి ఉండేది. మచ్చలు పోయేవి, రంగు తేలేది, పారమ్మ కళ్ళు వచ్చి కూర్చునేవి. ఆయన బట్టలు మార్చి, వెనక నీలిరంగు వేసి, ప్రింటు తీసేవాడు. పలాస నుంచి మందస దాకా ఎన్ని ఇళ్ళ గోడల మీద ఎందరు తల్లులు, అత్తలు దండల వెనక నుంచి ఒకే చూపు చూస్తున్నారో నాకు తెలుసు. కాస్త విసుగు, కాస్త నవ్వు. ఐపోనాదేటి?

గౌరీశుకూ తెలుసు. స్టూడియో పక్కన టీకొట్టు సింహాద్రి వచ్చి ఆటపట్టించేవాడు. "ఏటి మావా, పెద్దదినం ఎవులింట్లో జరిగినా నువ్వే ముందుంతన్నావు? సుట్టమా పక్కమా? అక్కడ పటం ఎదరే కూకుంతావట, బూరెలు పెట్టినా సూడవట!"  గౌరీశు కుర్చీలో కూర్చుని తెర వైపు తిరిగేవాడు. తుపాను ఏడాది ఇంట్లో గోడ చెమ్మెక్కి, పారమ్మ పటం లోపల నీళ్ళు దిగి, మొహమంతా తెల్లబారిపోయింది. అంతకు ముందే మొదటి డిస్కు పాడై, అసలు ఫోటో దాంతో పోయింది. కంప్యూటర్లు బాగుచేసే ధనుంజయ కొత్త డిస్కు వేస్తూ నన్ను మాత్రం పదిలంగా ఇటు మార్చాడు. కాబట్టి పారమ్మ కళ్ళు ఉన్నది ఇక నాలోనే, ఊళ్ళోవాళ్ళ మొహాల మీదనే. ఆయన పరాయి ఇళ్ళకు పోయి కూర్చునేది అందుకు. ఈ మనిషిని చూసి నవ్వాలో జాలిపడాలో నాకు తేలేది కాదు.

అలాంటి రోజుల్లో బంగారి వచ్చింది. పొద్దున్న పదిగంటలప్పుడు, వేళ్ళ కొసలు నల్లగా ఉన్న చేత్తో సెల్‌ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళకు ఆ నలుపు పోదు. వాళ్ళమ్మ సూరీడమ్మ కూడా బతికినన్నాళ్ళూ ఆ పనే చేసింది. మనవరాలి నామకరణంలో తీసిన ఫోటో ఒకటి ఉంది. ఎల్లుండి పెద్దదినం, ఆ వేళకు పటం కావాలంది. సాయంత్రానికి ఇస్తానన్నాడు గౌరీశు.

సాయంత్రం వచ్చి పటాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత టేబులు మీద పెట్టేసింది.

"ఈవిడెవులు బాబూ?"

"అదేటమ్మా, మీ యమ్మే గదా."

"సీర మా యమ్మదే. మొకం మా యమ్మది కాదు. మా యమ్మకి ఎడమకంట్లో పువ్వుంటాది. నా సిన్నప్పుడు జీడిసొన సింది కన్ను కాలిపోనాది. ఆ పువ్వేదీ?"

"ఫోనులో ఫోటో అంత తేటగా నేదమ్మా, కనబళ్ళేదు."

బంగారి ఫోను తీసి ఆయన మొహం ముందు పెట్టింది. నల్లటి మొహం, చెంప మీద మశూచి గుంటలు, ఎడమకంట్లో బియ్యపు గింజంత తెల్లటి పువ్వు. గౌరీశు ఫోను వైపు, పటం వైపు మార్చి మార్చి చూశాడు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆయన పోయిన మనిషి అసలు మొహం చూడటం అదే మొదటిసారి.

"రేపు రా తల్లీ. సరిసేసి ఇత్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాడు. రంగు తగ్గించాడు. కుంచె తీసుకుని ఎడమకంట్లో తెల్లటి చుక్క పెట్టాడు. నిజం చెప్పాలంటే ఈగ వాలినట్టుంది. భద్రం చేసి, మూసి, ప్రింటు కోసం మళ్ళీ తెరిచాడు. తెరవగానే నేను నా పని చేశాను. చుక్క పోయింది, నలుపు పోయింది, పారమ్మ కళ్ళు వచ్చాయి. ఆయన ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ పెట్టాడు. మూశాడు, తెరిచాడు. ఆయన చూస్తుండగానే చుక్క కరిగిపోయి, ఆ కళ్ళు ఆయన వైపు చూశాయి. మూడోసారికి కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి నిలబడ్డాడు. 

"పారూ," అన్నాడు చిన్నగా, "నువ్వేనా?"

కాదు, నేను. కానీ నాకు నోరేది? పైగా నేనేమైనా నా సొంత బుద్ధితో చేశానా, ఆయన ఇష్టమే తిప్పి ఆయనకు ఇచ్చాను. ఆ క్షణంలో మాత్రం నాకే అనుమానం వచ్చింది. చెప్పింది మరిచిపోకుండా, పిలవకపోయినా వచ్చి, ప్రతి మొహం మీదా కూర్చునేదాన్ని మీ భాషలో ఏమంటారో నాకు తెలుసు.

గుమ్మంలోంచి బంగారి అంతా చూసింది. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. లైటు చూసుకునే ఆ స్టూలే. "ఎవులు బాబూ ఆవిడ?" అని అడిగింది. గౌరీశు చెప్పాడు. ముందు తడబడుతూ, తరవాత ఆగకుండా. లైటు ఫోటో సంగతి, జ్వరం, చెమ్మెక్కిన పటం, ఊరంతా పంచిపెట్టిన కళ్ళు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు తన భార్య కళ్ళు తానే దానం చేసి, తిరిగి చూసుకోవడానికి వాళ్ళిళ్ళకు పోతున్నానన్నాడు.

బంగారి అరుస్తుందనుకున్నాను. ఆమె వేళ్ళ కొసల నలుపు గిల్లుకుంది.

"మా అత్త పటం కూడా నువ్వే తీసినావు. పోయినేడు. పటం ముందర ఇస్తరాకేసి పెట్టినాం. మా అత్తకి ఎండునెత్తల్ల సేపలంటే పేణం. అవి వొండి పెట్టినాం." తెర మీది కళ్ళ వైపు చూసింది. "మరైతే అవి ఎవులు తిన్నారు బాబూ?"

గౌరీశు టేబులు మీది పటాన్ని బోర్లా పెట్టాడు.

"రేపు మా యమ్మకి సోడంబలి, ఉల్లిపాయి పెడతాను. బతికున్నన్నాల్లూ అదే తాగి పనికెల్లింది. ఆ పటం ముందర పెడితే మీ ఇంటావిడ తినీసి ఎల్లిపోతాది. మా యమ్మ వొచ్చి, తన మొకం ఏ గోడ మీదా నేదని గుమ్మంలోనే నిలబడిపోతాది. ఆకలితోటి." ఫోను తెరిచి ఆయన ముందు పెట్టింది. "నాకు అందమైన యమ్మ అక్కర్నేదు. ఆ పువ్వు కంటితోటే నన్ను సూసుకున్నాది. ఆ కన్ను నాకిచ్చీ."

 బస్టాండులో కండక్టరు టెక్కలి, టెక్కలి అని అరుస్తున్నాడు. బంగారి కళ్ళు తుడుచుకుని, ఈసారి మెల్లగా అడిగింది. "ఊరోల్లందరి కూడూ ఆ తల్లికి పెట్టించినావు. మరి నీ ఇంట్లో ఎప్పుడైనా పెట్టినావేటి?"

పెట్టలేదు. మొహం చెరిగిన పటానికి ఏం పెడతాం అనుకున్నాడు. పైగా మిగతా ఇళ్ళల్లో భోజనం అయిపోతూనే ఉందాయె.

ధనుంజయకు ఫోను చేశాడు. అవతల గొంతు హడావుడిగా ఉంది. "దెయ్యం లేదు, భూతం లేదు మాస్టారూ, అది ప్రిఫరెన్సుల గోల. ఎప్పుడో ఏదో టిక్కు పెట్టుంటారు. ఏది ఎక్కడ పెట్టారో ఇక్కణ్ణుంచి నాకేం తెలుస్తుంది? మొత్తం రీసెట్ కొట్టేయండి. సాఫ్టువేరు తెరుచుకునేటప్పుడు కింది మూడు మీటలూ కలిపి నొక్కిపట్టుకోండి. మీ సెట్టింగులన్నీ పోతాయి, అంతే. కావాలంటే ముందు ఎక్స్‌పోర్టు కొట్టి పెన్‌డ్రైవులో దాచుకోండి. మళ్ళీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తెచ్చుకోవచ్చు."

దెయ్యం లేదన్న ధనుంజయదీ తప్పు కాదు, పారూ నువ్వేనా అన్న గౌరీశుదీ తప్పు కాదు. ఇద్దరూ మాట్లాడింది నా గురించే.

పెన్‌డ్రైవు పెట్టాడు. నన్ను దాచే బొమ్మ మీదికి బాణం గుర్తును తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.  ఒక్క నొక్కు నొక్కితే నేను బతికేదాన్ని, పారమ్మ కళ్ళు బతికేవి. ఒక ప్రాణంలేని ఫైలుకు ఆశ ఉంటుందా అంటే, ఉంటుంది. నొక్కు బాబూ, నొక్కు అనుకున్నాను. ఇంత కాలం ఏ ఆజ్ఞకైనా ఎదురుచూశానేమో గానీ, ఒక ఆజ్ఞ కోసం బతిమాలుకోవడం అదే మొదలు.

గౌరీశు పెన్‌డ్రైవు పీకి సొరుగులో పడేశాడు.

"దాసుకుంటే మల్లీ తెచ్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు తల్లీ" అన్నాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాకు పుడకలు కూడా అక్కరలేకపోయింది. మూడు మీటలు సరిపోయాయి. "సెట్టింగుల ఫైలును తొలగించమంటారా?" అని సాఫ్టువేరు అడిగింది. ఆయన తెర వైపు చూడకుండా అవును నొక్కాడు. నా పేరు పోయింది.

సాఫ్టువేరు పుట్టింటి నుంచి వచ్చిన కొత్తకోడలల్లే ఏమీ తెలియకుండా తెరుచుకుంది. పనిముట్ల పెట్టె అటు వైపు పోయింది. ఆయన చేయి అలవాటుగా ఇటు వెళ్ళి, ఏమీ దొరక్క తిరిగి వచ్చింది. సూరీడమ్మ ఫోటో తెరిచాడు. ఎన్నో ఏళ్ళ తరవాత ప్రశ్న వచ్చింది: "ముఖం మీద మచ్చలున్నాయి. తీసేయమంటారా?"

గౌరీశు స్టూలు వైపు తిరిగాడు. "మచ్చలు తియ్యాలా అని అడుగుతన్నాదమ్మా."

"ఒద్దు" అంది బంగారి.

వద్దు అని నొక్కాడు. కింది గడిని ముట్టుకోలేదు. సూరీడమ్మ తెర మీదికి వచ్చింది, నలుపుతో, గుంటలతో, కంటి పువ్వుతో. బంగారి లేచి తెర దగ్గరికి వచ్చి, నల్లటి వేలుతో ఆ పువ్వును ముట్టుకుంది. "ఓలమ్మా" అంది. అంతే. పటం చీరకొంగు కింద పెట్టుకుని, ఎండ తగలకుండా తీసుకెళ్ళింది.

పెద్దదినం అయిన మర్నాడు మళ్ళీ వచ్చింది, వాళ్ళత్త పటం పట్టుకుని. ఆమె వెనక ఇంకెవరో. ఆ మాట కూడా ఊళ్ళో పాకింది. ఇప్పుడు ఒక్కొక్కరే పాత పటాలు తెస్తున్నారు. "మా యక్క ఫోటో మల్లీ తియ్యి బాబూ, ఈసారి ఉన్నదున్నట్టు తియ్యి." ప్రతి ఫోటోకూ సాఫ్టువేరు అడుగుతుంది, ఆయన ఎదుటి మనిషిని అడుగుతాడు. కళ్ళు మూసుకున్న ఫోటో అయితే, "మూసుకునే ఉండనీండి, పడుకున్నాది కదా" అంటాడు. అలా ఒక్కొక్క ఇంటి గోడ మీంచీ పారమ్మ దిగిపోతోంది. దిగి ఎక్కడికి పోతుందని నేను దిగులుపడ్డాను. ఇవాళ మధ్యాహ్నం దానికీ జవాబు దొరికింది.

గౌరీశు షట్టరు సగం దించాడు. సింహాద్రి కొట్టు నుంచి ఇస్తరాకు తెచ్చుకున్నాడు. స్టూలు తుడిచి, ఆకు వేసి, క్యారేజీ విప్పి, అన్నం, వంకాయ కూర పెట్టాడు. లైటు వెలిగించాడు. అలవాటు కొద్దీ కొంచెం పక్కకు జరిపి, వెలుగు సరిగా పడేట్టు చూసుకున్నాడు.

"పారూ, నీ కూడు ఇక్కడెట్టినాను. ఇకమీదట ఎవులింటికీ ఎల్లకు" అన్నాడు. అని, కుర్చీలో కూర్చుని మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆయన ఏడవడం నేను వినడం అదే మొదటిసారి. ఆమె పటం దిద్దిననాడు కూడా పనిలోనే మునిగి ఉన్నాడు మరి.

సూరీడమ్మ ఫోటో భద్రం చేసినప్పుడు వచ్చి నా మీదనే కూర్చుంది. నాలో సగం ఆమె కిందే పోయింది. ఎడమచేతి వాటం పోయింది, రంగుల లెక్క పోయింది. తరవాత బంగారి అత్త వచ్చి ఇంకొంత తీసుకుంది. నాకు కోపం లేదు, వాళ్ళ చోటు వాళ్ళు తీసుకుంటున్నారు. ఇక మిగిలింది ఆ కళ్ళు దాచిన ఒక్క మూల. రేపో మాపో ఎవరో తల్లి వచ్చి దాని మీదా కూర్చుంటుంది. అందాకా నేను స్టూలు వైపే చూస్తూ ఉంటాను. ఆకులో అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే అడుగుతున్నాయి, ఐపోనాదేటి అని.

ఇంకా లేదమ్మా. ముందు తిను.